తగిలితేనే పాస్

జూన్ 3, శనివారం
మా డిక్షనరీ ఆఫీసులో ఇప్పుడు పాత ఇంగ్లీషు వెక్కిరింపుల వంతు. వాడుక తప్పి ఎంతో కాలమైన మాటలు. వాటికి తెలుగు వెతికి, శనివారం టీ వేళ అందరి ముందూ ఎవరో ఒకరి మీద ప్రయోగించాలి. తగిలితే అర్థం పాస్. మా పెద్ద ఎడిటర్ గారి పద్ధతి ఇది.

ఫ్లీర్‌కి నేను ‘అపహాస్యముగా నవ్వు’ అన్నాను. ఎవరూ తల ఎత్తలేదు. మా ఆవిడ ‘పళ్లికిలించు’ అంటూ ప్రూఫ్ రీడర్ వైపు చూసింది. అతను గబుక్కున నోరు మూసుకున్నాడు. ఆఫీసంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను, ఏడవలేక.

జూన్ 5
ఆవిణ్ణి ఈ ఉద్యోగంలో చేర్పించింది నేనే. కొరివితో తల గోక్కున్నాను.

జూన్ 10, శనివారం
గ్లీక్‌కి ‘ఎకసెక్కం’. అదీ ఆవిడదే. జేబులో ఆ దువ్వెన జ్ఞాపకార్థమా అండీ అని పెద్ద ఎడిటర్ గారినే అడిగింది. ఆయన బట్టతల తడుముకుని, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, తర్వాతి సంపుటానికి ఇన్‌ఛార్జి దొరికినట్టే ఉంది అన్నారు. ఆ కుర్చీ మీద నేను ఏళ్లుగా కళ్లు పెట్టుకుని ఉన్నాను.

ఇంటికొచ్చి ఆవిడే వంట చేసింది. కూర బాగుంది. దానికీ ఒళ్లు మండింది.

జూన్ 14, ఉదయం 6
నాకు వచ్చిన మాట ట్విట్. పాత తప్పు ఎత్తి ఎగతాళి చేయడం. ‘దెప్పిపొడుచు’ సరిగ్గా సరిపోతుంది. ఎవర్ని పొడవాలో కూడా తెలుసు.

జూన్ 17, శనివారం
పొడిచాను. ఇంటర్‌లో ఇంగ్లీషు రెండుసార్లు తప్పినావిడ మనకి ఇంగ్లీషు చెబుతోంది అన్నాను. పెళ్లయిన కొత్తలో, ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకుని, ఏడుస్తూ చెప్పిన సంగతి అది.

ఒక్కరూ నవ్వలేదు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. టీ కప్పు కింద పెట్టేసింది. పెద్ద ఎడిటర్ గారు, తగిలింది, రాసుకోండి అన్నారు. ఎట్టకేలకు నా అర్థం పాస్.

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం సంతోషించాను.

జూన్ 20
ఆవిడ మాట్లాడుతూనే ఉంది. గ్యాస్ అయిపోయిందట. ఇస్త్రీ బట్టలు వచ్చాయట. ఆఫీసులో నేను వెళితే ప్రూఫ్ రీడర్ మాట మారుస్తున్నాడు.

జూన్ 24, శనివారం
ఫ్రంప్. అదీ ఒకప్పుడు వెక్కిరింపే. ఆవిడ వంతు. అందరూ నావైపే చూశారు. నా బండారం ఆవిడ దగ్గర బోలెడుంది. ఉద్యోగం రాదేమోనని నేను వాళ్ల నాన్న కాళ్లు పట్టుకుని సిఫారసు అడిగింది ఒక్కటి చాలు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

ఈయన్నేమీ అనాలని లేదండీ అంది. ఆ మాట పక్కవాళ్లకి ఇచ్చేసి, టీ తాగింది.

జూన్ 25
ఏదో ఒకటి అనవే.