‘అయిపోయింది’ అనే మీట

గూడూరు,
మంగళవారం

తల్లిలాంటి పెద్దక్కకు,

ఫోనులో చెప్పబోతే ఏడుపొస్తుంది, అందుకే రాస్తున్నాను. మా ఆసుపత్రిలో ఆయాలకు కూడా పెద్ద ఫోన్లు ఇచ్చారు. రోగికి ఏ పని చేసినా అతని పేరు పక్కనున్న మీట నొక్కాలి. దాని మీద ‘అయిపోయింది’ అని రాసి ఉంటుంది. అక్కా, బియ్యం అయిపోయినా నిండుకున్నాయనే కదా అమ్మ మనకు నేర్పింది! ప్రాణంతో ఉన్న మనిషి పేరు పక్కన ఆ మాట నా చేత్తో ఎలా పెట్టను? పనులన్నీ చేసేదాన్ని, మీట మాత్రం నొక్కేదాన్ని కాదు. కంప్యూటర్‌లో నా పేరుకు అన్నీ సున్నాలే. “ఏంది శేషమ్మా, నెలంతా కూర్చోనే ఉన్నావా? ఇట్టయితే ఇంటికి పంపిస్తా” అన్నారు సూపర్‌వైజరు హరినాథ్ సారు. చూపు ఆనడం లేదని అబద్ధమాడాను.

అది నాతో పోతే రాసేదాన్ని కాదు. చిన్నపోలయ్య అని పులికాటులో వల వేసే మనిషి, కిడ్నీ జబ్బుతో చేరాడు. పూటకు ఒక్క గ్లాసు నీళ్లే ఇవ్వమన్నారు. నాలుగు రోజులు నేను ఇచ్చి, నొక్కలేదు. తర్వాత డ్యూటీకొచ్చే ఆయా వనజాక్షి ఫోను చూసి, ఆ పూట నీళ్లు ఇంకా ఇవ్వలేదనుకుని మళ్లీ ఇచ్చింది. దాహంతో అల్లాడే మనిషి వద్దంటాడా? నిన్న ఒళ్లంతా నీరు చేరి, ఊపిరాడక ఐసీయూకు చేరాడు. నీళ్లిచ్చినట్టు కంప్యూటర్‌లో వనజాక్షి పేరొక్కటే ఉంది. నొక్కినదానికంటే ఎక్కువ పోసిందని ఆమెను పనిలోంచి తీసేశారు. రోజూ నా క్యారియర్లోంచి ముద్ద తినే పిల్ల! నేను పక్కనే నిలబడి నోరు తెరవలేదక్కా. చెబితే నా పని పోతుంది. చెప్పకపోతే దేవుడి ముందు ఏ ముఖంతో నిలబడను?

నీ చెల్లెలు,
శేషు

శనివారం

పెద్దక్కా,

చెప్పేశాను. “మాట మంచిది కాదని మనిషినే చంపబోయినావా తల్లీ?” అన్నారు హరినాథ్ సారు. వనజాక్షిని మళ్లీ పిలిచారు. ఆమె నాతో మాట్లాడడం లేదు. న్యాయమే.

ఈ పొద్దున చిన్నపోలయ్య ఐసీయూ నుంచి వార్డుకొచ్చాడు. “నీళ్లిచ్చి, నా ఎదురుగా నొక్కు. లేదంటే ఇప్పుడే వెళ్లిపో” అన్నారు సారు. గ్లాసిచ్చాను. వేలు మీట దాకా పోయి ఆగిపోయింది. కాళ్లు పట్టుకుని చిన్నపోలయ్యకు అంతా చెప్పాను. అతను పడీపడీ నవ్వాడు. “నీళ్లు రెండుసార్లు వస్తా ఉంటే నాకు తెలీదా? గమ్మున తాగినా. నొక్కమ్మా! అయిపోయింది గ్లాసులో నీళ్లు, నేను గాదు.”

పెంచలస్వామిని తలచుకుని, కళ్లు మూసుకుని నొక్కాను. తెరిచేసరికి అతను ఇంకో గ్లాసు అడుగుతున్నాడు.

ఇవ్వలేదు.

నీ శేషు