స్టీఫెన్‌కి పండగ సెలవు

మన స్టీఫెన్‌కి ఈ క్రిస్మస్‌కి సెలవిచ్చారు దానమ్మ చెల్లెమ్మా.

వాడు నర్సుగా చేరిన తొమ్మిదేళ్లూ, "పెళ్లికానివాడివి, నీకేం పండగ" అని క్రిస్మస్ రోజు డ్యూటీ వాడికే వేసేవారు. ఈసారి కొత్త మేట్రన్ ఇందిరాదేవి గారితో, "విశ్వేశ్వర్‌తో ఎనిమిదేళ్లుగా కాపురం చేస్తున్నాను మేడం, నాకూ కుటుంబం ఉందండీ" అని చెప్పేశాడట. చెప్పేస్తానని వాడు అన్నప్పుడే ఉద్యోగం ఊడుతుందేమోనని నాకు భయమేసింది. ఆవిడేమో, "ముందే చెప్పొద్దా నాయనా" అని కోప్పడి, కుటుంబాలున్నవాళ్ల లిస్టులో వాడి పేరు రాశారు. ఆ తల్లిని ప్రభువు చల్లగా చూడాలి.

పండక్కి నా కొడుకూ, విశ్వేశ్వరూ ఇద్దరూ ఇంటికి వస్తున్నారు. విశ్వేశ్వర్ రూమ్మేటని ఇన్నాళ్లూ అందరికీ చెప్పింది నేనే. ఆ అబద్ధం ఇక నావల్ల కాదు. వాడు మా ఇంటి మనిషని నువ్వే చెప్పాలి దానమ్మా. మీ ఆయనకి, మైలవరం పెద్దన్నయ్యకి, హనుమాన్ జంక్షన్ డయానాకి చెప్పు. మన మేనత్తకి చెవుడు కదా, గట్టిగా చెప్పు.