మానుకోట మోటర్

సెప్టెంబర్ 14, 2011. బుధవారం

సమ్మె మొదలై రెండో రోజు. బొగ్గు బాయిలు బంద్. ఐలేశ్ భూపాలపల్లి నుంచి ఇంటికొచ్చిండు. బయట నా మొగని పేరు పెట్టి పిలువ గని, డైరీల ఎవలు చూడొచ్చిండ్రు, రాస్త. ఐలేశ్, ఐలేశ్, ఐలేశ్.

వారానికోసారి కనవడే మనిషి ఇగ రోజూ ఇంట్లనే ఉంటడు. తెలంగాణ తేలేదాక బాయి దిగేది లేదన్నడు. మంచిదే. మరి అప్పటిదాక ఏం జేస్తవంటే చూద్దాం తియ్ అన్నడు. నాకు అప్పుడే డౌట్ కొట్టింది.

సెప్టెంబర్ 15

డౌట్ నిజమైంది. మానుకోటకు పోయి పాత సామాన్ల దుకాణంల పడవకు కట్టే మోటర్ కొన్కొచ్చిండు. ట్రాలీ ఆటోల ఏస్కొచ్చి మా వాకిట్ల దించిండు. దానికి నాకంటే ఎక్కువ వయసుంటది. రంగు లేదు, పై కవర్ పలిగింది. పెట్రోల్ డబ్బ వేరే. డబ్బ నుంచి మోటర్ దాక రబ్బరు పైపు, పైపు నడుమ కోడిగుడ్డంత రబ్బరు బుగ్గ. ఆ బుగ్గ పిసికితె పెట్రోల్ ఎక్కుతదట, అటెనుక తాడు గుంజాల్నట.

బస్సులు కూడ బంద్ అయితయట. మా ఊరి పక్క పారే గంగ మీద పడవ నడిపితే జనానికి సౌలత్ అయితదట. పడవ సాంబయ్యది, మోటర్ ఈయనది. సాంబయ్య నలభై ఏండ్ల సంది మా ఊరి రేవుల తెడ్డేసి జనాన్ని దాటిస్తుండు. ఆయనకు మోటర్ పేరు చెప్తెనే చీదర. బాయిల పెద్ద పెద్ద పంపులు నడిపినోన్ని, నాకిదో లెక్కనా అన్నడు ఐలేశ్.

సెప్టెంబర్ 16. శుక్రవారం

పొద్దుగాల తలకు పోస్కొని మోటర్‌కు పూజ చేసిన. ఇంటికి ఏ మిషన్ వచ్చినా పసుపు, బొట్టు పెట్టందే నేను ముట్టనియ్య. మిక్సీకి పెట్టిన, టీవీకి పెట్టిన. దీనికీ పెట్టిన. డబ్బ మూతకు కూడ గడపకు పూసినట్టు నిండుగ పూసిన. నీళ్ల కాడ ఊడిపోతదని పసుపుల మైదపిండి కలిపిన. మంచిగ అంటుకున్నది.

నలభై సార్లు గుంజిండు. స్టార్ట్ కాలె.

సెప్టెంబర్ 18

ప్లగ్ విప్పి, గరుకు కాయితంతోని రుద్ది మళ్ల బిగించిండు. స్టార్ట్ అయింది! రేవుల ఉన్నోళ్లంత చప్పట్లు కొట్టిండ్రు. జై తెలంగాణ అని కూడ అరిచిండ్రు.

ఐదు నిమిషాలు. ఆగింది. పెట్రోల్ అయిపోయిందా అని మూత తీసి చూస్తే సగం ఉన్నది. మూత బిగించి గుంజితే మళ్ల నడిచింది. మళ్ల ఐదు నిమిషాలే. సాంబయ్య తెడ్డు భుజానేస్కొని ఇంటికి పోయిండు. ఆ పోవుడుకే నాకు ఎక్కువ కోపమొచ్చింది.

సెప్టెంబర్ 23. శుక్రవారం

మళ్ల పూజ. పాత పసుపు మీద కొత్త పసుపు. దిష్టి తగిలిందని నిమ్మకాయలు కూడ కట్టిన.

మోటర్ అదే తీరు. నేను తిట్టే తీరు కూడ అదే. మానుకోటోడు మంచిగ టోపీ పెట్టిండు నీకు అన్న. ఈయన అన్నం కాడికెళ్లి లేచిండు.

సెప్టెంబర్ 25

గుంజి గుంజి ఐలేశ్ అరచేతులు పొక్కినయ్. వెన్నపూస రాసిన, తిట్టుకుంటనే.

సెప్టెంబర్ 27

ఎంగిలిపూల బతుకమ్మ. కాటమన్న గునుగు పువ్వు, తంగేడు పువ్వు గంపెడు తెచ్చిచ్చి పోయిండు. నా సొంత అన్న, ఇదే ఊర్ల ఉంటడు. మా నాయిన సచ్చిపోయినంక నన్ను సదివిచ్చింది ఈయననే. వానకాలం వాగు పొంగితే నన్ను భుజాల మీద కూసోవెట్టుకొని దాటిచ్చి బడి కాడ దించేది. నేనియ్యాల అంగన్‌వాడీ టీచర్నైతే అది ఆ భుజాల పుణ్యమే.

గంగ జర తగ్గిందట. గొర్ల మందను తోల్కొని నడుమ దిబ్బ మీదికి పోతున్న, గడ్డి మంచిగున్నది, నాలుగు రోజులు ఆన్నే ఉంట అన్నడు. పైలంగుండు అని చెప్పిన.

సెప్టెంబర్ 30. శుక్రవారం

గంగ వచ్చింది. పైన యాడనో వానలు పడ్డయట. పొద్దుగాల మోకాల్లోతు ఉన్న పాయ పగటీలికి మనిషి మునిగేటట్టు పారుతుంది. కాటమన్న దిబ్బ మీద ఉన్నడు. గొర్లు నలభై మూడు.

ఆఫీసులకు ఫోన్ కొడితే ఎత్తేటోడు లేడు. అందరు సమ్మె టెంట్లనే ఉన్నరు. టెంటు కాడికే పోయి చెప్పిన. పాపం వాళ్లు గూడ లేచి ఫోన్ల మీద ఫోన్లు కొట్టిండ్రు. రేపటికి పడవ పంపిస్తమన్నరట. నీళ్లు రేపటిదాక ఆగుతయా?

సాంబయ్య తెడ్డు ఏస్కొని పోయిండు. గంగ ఆయనను అర్ధ కిలోమీటర్ కిందికి నూకేసింది. ఒడ్డెక్కి, ఇది తెడ్డుతోని అయ్యే పని కాదు బిడ్డా, మోటర్ గావాలె అన్నడు. ఆ మనిషి నోట ఆ మాట ఇంటనని నేననుకోలె. మోటర్ ఒడ్డునే టెస్ట్ చేసిండ్రు. ఐదు నిమిషాలు.

కాటమన్న ఫోన్ చేసిండు. పడవ ఎవ్వలు తేవొద్దు, నా కోసం మీరు సావొద్దు అన్నడు. అటెనుక స్విచాఫ్. ఆయన పెండ్లాం పుష్పవదిన రేవుల కూలవడ్డది. నాకు ఏం జెయ్యాల్నో తెల్వక మోటర్‌కు ఇంకోసారి పసుపు పూసిన. ఏడ్సుకుంట పూసిన.

అక్టోబర్ 1. సాయంత్రం 4 గంటలు

ఇప్పుడే తడి బట్టలు మార్చుకొని కూసున్న. రాస్త.

తెల్లారంగనే ముగ్గురం ఎక్కినం. సాంబయ్య తెడ్డు కాడ, ఐలేశ్ మోటర్ కాడ, నేను డబ్బ కాడ. ఆడిదానివి నువ్వెందుకన్నరు. బుగ్గ పిసికెటందుకు ఒకలు ఉండాలె గదా, ఆయన నా అన్న, నేనే పిసుకుత అని చెప్పిన. సాంబయ్య జరిగి జాగిచ్చిండు.

ఆరోసారికి స్టార్ట్ అయింది. దిబ్బ కనవడ్డది. గొంగడి కప్పుకొని నిలవడ్డ కాటమన్న కనవడ్డడు. ఆయన సుట్టు గొర్లు. దిబ్బ చాప పరిచినంతే మిగిలింది.

గంగ నట్టనడుమ మోటర్ ఆగింది.

పడవ తిరుగుతుంది. సాంబయ్య తెడ్డుతోని కొట్లాడుతుండు. ఐలేశ్ గుంజుతుండు, పొక్కులు పలిగి తాడుకు నెత్తురంటింది. నేను బుగ్గ పిసుకుదామని పట్టుకుంటే ఉబ్బి ఉండాల్సింది లోపలికి పీక్కపోయి ఉన్నది, పండ్లు లేని ముసలవ్వ దౌడల తీరు. పెట్రోల్ ఉన్నదో లేదోనని మూత తిప్పిన. సుయ్యిమన్నది. గాలి లోపలికి గుంజుకున్నది. బుగ్గ టక్కున ఉబ్బింది.

ఐలేశ్‌కు చెప్పిన. ఆయన మూత చేతిల తీస్కొని తిప్పి చూసిండు. డబ్బకు గాలి పోయే బెజ్జం యాడున్నదని అడిగిండు. బాయి పంపుకైనా, దేనికైనా గాలి దూరకుంటె లోపలిది బయటికి రాదట. బెజ్జం మూత మీదనే ఉండాల్నట. మూత మీద నా పసుపే ఉన్నది. మూడు శుక్రవారాల పసుపు, మైదపిండితోని గచ్చు లెక్క గట్టివడ్డది.

నా పానం పోయినంత పనైంది. పుస్తెల తాడుకున్న పిన్నీసు తీసి గీకిన. పెచ్చులూడినయ్. కింద చిన్న స్క్రూ, పక్కన సూది మొనంత బెజ్జం. పొడిచిన, ఊదిన. ఐలేశ్ నన్ను చూసిండు, మూతను చూసిండు. బిగించి తాడు గుంజిండు.

మోటర్ అందుకున్నది. ఐదు నిమిషాలు అయింది. పది అయింది. దిబ్బ కాడికి పోయేదాక ఆగలె!

నేను అన్నను ముందు ఎక్కు అంటే గొర్లు ముందు అన్నడు. ఈ గంగల నీ గొర్లు, నీ మొండి రెండూ కొట్టుకపోను అని నోటికొచ్చింది తిట్టిన. వినలె. మూడు ట్రిప్పులు ఏసినం. ఆఖరి ట్రిప్పుల, నీళ్లు పిక్కల దాక వచ్చినంక ఎక్కిండు. రాత్రి రెండు గొర్లు కొట్టుకపోయినయట. అవి నావల్లనే పోయినయ్. ఆయన దిక్కు చూడలేకపోయిన.

ఒడ్డు దిగంగనే పుష్పవదిన ఆయన రొమ్ము మీద గుద్దింది, గుద్దుకుంట ఏడ్సింది. నేను పోయి ఇసుకల కూసున్న. అమ్మయ్య. ఎన్ని సార్లన్ననో లెక్కలేదు. అమ్మయ్య.

అక్టోబర్ 2

ఊరంత తెలిసింది. సాంబయ్యే చెప్పిండు, నలభై ఏండ్లల ఎన్నడు నవ్వనోడు పడీపడీ నవ్వుకుంట చెప్పిండు. రేవుల పొంటి పోతే ఒకామె పసుపున్నదా టీచరమ్మా అంటది. ఇంకొకామె మా బోరు మోటర్‌కు మాత్రం పూజ చెయ్యకు అంటది. అనుండ్రి. ఇయ్యాల నాకు కోపం రాదు.

కాటమన్నకు నా నోటితోని నేనే చెప్పిన, ఆ రెండు గొర్లు నావల్లనే పోయినయని. పిచ్చిదానా అని నెత్తి మీద చెయ్యి పెట్టిండు. ఐలేశ్‌తోని కూడ అన్న, మానుకోటోడు మంచోడే, మోటర్ మంచిదే అని. ఇంకోసారి అను అన్నడు. అన్న. ఇంకోసారి అన్నడు. పొయ్యి కాడికి పోయిన.

అక్టోబర్ 3. పగటీలి

కాటమన్న మా అరుగు మీద పండి గురక పెడుతుండు. పుష్పవదిన రెండు సార్లు వచ్చి, నిలవడి విని, లేపకుంటనే పోయింది. నేను గూడ పని ఇడిసిపెట్టి ఆ గురకే ఇంటున్న.