డ్రమ్ము బయట చెప్పులు

అమ్మా, ఇక్కడ నాకు తిండికీ నిద్రకీ లోటు లేదు, బెంగపడకు.

ఫ్యాక్టరీలో నాన్న లోపలికి దిగి కడిగే ఆ తిరిగే డ్రమ్ము కొలతలు మా ఆఫీసుకు వచ్చాయి. దాంట్లో రసాయనం ఎలా తిరుగుతుందో కంప్యూటరులో ముందే చూపించడం నా పని. తెర మీద ద్రవం అంతటా తిరిగింది గాని, అడుగున ఒకచోట ఏదో అడ్డున్నట్టు తప్పుకుని పోతోంది. కొలతల్లో అక్కడేమీ లేదు. పక్క సీటు అక్క చూసి, "నీ డ్రమ్ములో ఎవరో కూర్చున్నారే, లేచి రమ్మను!" అని నవ్వింది. అంతా చెరిపేసి మళ్లీ చేశాను. అదే ఖాళీ. డ్రమ్ము తిరిగినా అది కదలదు. కూర్చున్న మనిషంత ఉంది. ఒక మోకాలు ముడిచి, రెండోది వంగనట్టు చాపి, అచ్చం నాన్నలాగే. చంకలో ఏదో ఇరికించుకున్నట్టుంది.

లెక్కలో తప్పే అయ్యుంటుంది, వెతుకుతున్నాను. కానీ లోపల మనిషి ఉన్నట్టు గుర్తుగా చెప్పులు డ్రమ్ము మూతి బయట విడవాలి కదా. కొత్తవి ఎవరైనా ఎత్తుకుపోతారని నాన్న వాటిని చంకలో పెట్టుకుని దిగుతున్నాడని నువ్వే నవ్వుతూ చెప్పావు. చెప్పులు కనబడకపోతే డ్రమ్ము తిప్పేవాడికి ఎలా తెలుస్తుంది?

కంట్లో మందు వేసుకుంటున్నావా? తమ్ముడి చొక్కా కొలత పంపించు.

కార్డు చదివి పెడుతున్న పక్కింటి పిన్నిగారూ, ఈ ముక్క నాన్న ఎదురుగా గట్టిగా చదవండి: నాన్నా, చెప్పులు పోతే పోనీ, ఇంకో జత కొనిపెడతాను. బయటే విడువు. విడిచానని నువ్వు జవాబు రాయించేదాకా ఆ లెక్క మళ్లీ నడపను.

పెద్దలకు నా దండాలు.

నీ పెద్దపిల్ల