నా వేలితో వేసిన నాన్న ముద్ర

జనవరి 19, సోమవారం

ఇవాళ కూడా వేలిముద్ర మెషిన్ నన్ను వెంటనే పోనివ్వలేదు. హాస్టల్ గేటు పక్కన, వార్డెన్ మేడమ్ కుర్చీ ఎదురుగా ఉంటుంది అది. బొటనవేలు పెట్టాలి, పచ్చలైటు వెలగాలి, లోపలికి పోవాలి. రోజూ చేసేదే. రెండుసార్లు ఎర్రలైటు.

"చెమటమ్మా. తుడుచుకుని పెట్టు" అంది మేడమ్.

జనవరిలో చెమట.

మూడోసారికి తీసుకుంది. దానికి తెలిసిపోయిందేమో అని రోజూ అనిపిస్తుంది.

జనవరి 20

రాసేస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ చెప్పను.

హాస్టల్ అమ్మాయిలు సాయంత్రం ఆరు దాటాక బయట ఉండాలంటే అంగీకారపత్రం ఇవ్వాలి. దాని మీద తండ్రి సంతకం ఉండాలి. క్యాంపస్ రేడియోలో చేరేటప్పుడు, డిసెంబరులో, అందరం ఇచ్చాం. కొందరు నిజంగా ఇంటికి తీసుకెళ్లి పెట్టించారు. కొందరు వాళ్లే పెట్టేసుకున్నారు. నా రూమ్మేట్ సుజాతకి వాళ్ల నాన్న సంతకం ఆయనకంటే బాగా వచ్చు.

మా నాన్నకి సంతకం రాదు. దొంగ సంతకం పెట్టడానికి కూడా ఆధారం లేదు నాకు. లైబ్రరీ కౌంటర్ మీద స్టాంపు ప్యాడ్ కనిపించేదాకా అలాగే అనుకున్నాను.

మగవాళ్లది ఎడమ బొటనవేలు. నా ఎడమ బొటనవేలు అద్దాను. కింద "షేక్ సైదులు వేలిముద్ర" అని నేనే రాశాను. గుండ్రంగా, మంచి దస్తూరితో.

రెండు రోజులు సిరా పోలేదు. చేతిని చున్నీలో దాచుకుని తిరిగాను.

అడిగితే నాన్న ఒప్పుకునేవాడా? అడగలేదు. అడ్మిషన్ రోజు పెదనాన్న మంచం మీద కూర్చుని అన్నాడు — "ఆడపిల్లని అంత దూరం తోలుతున్నావు. రేపు ఏదన్నా మాట వచ్చిందో, నా గడప తొక్కొద్దురా." నాన్న నిలబడే చెప్పాడు — "రాదన్నయ్యా. క్లాసు, హాస్టలు. మూడో చోటు లేదు. పూచీ నాది."

మూడో చోటులో ఉన్నాను. వారానికి మూడు రోజులు.

జనవరి 21

లైబ్రరీ మేడ మీద చివరి గది. ఒకప్పుడు పాత పేపర్లు పడేసేవాళ్లట. గోడల నిండా గుడ్ల అట్టలు అంటించారు, మాట గింగురుమనకుండా. బల్ల, రెండు మైకులు, ఎర్రబల్బు. బల్బు వెలిగాక దగ్గకూడదు, కుర్చీ జరపకూడదు.

"రైతు సోదరులకు నమస్కారం…" అని మొదలుపెడతాను. పది నిమిషాలు. మిరపలో తామర పురుగు, పత్తిలో గులాబీ పురుగు, ఏ మందు ఎంత కలపాలి. క్లాసులో ప్రశ్న అడిగితే నా గొంతు నాకే వినపడదు. అక్కడ వేరే అమ్మాయి ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఆ అమ్మాయి నాకు నచ్చుతుంది. ఆ పది నిమిషాలే భయం వేయదు.

మన రేడియో పదిహేను కిలోమీటర్లు దాటదు. మా ఊరుండే పర్చూరు వైపు అసలు రాదు. అదే ధైర్యం.

జనవరి 22

ఎంత పని చేశాను.

రేడియో పనులు చూసే రమణ సార్ ఇవాళ రికార్డింగ్ వింటూ తల పట్టుకున్నారు. "బావిలోంచి మాట్లాడినట్టుంది. ఈ అట్టలు లాభం లేదు. పలచటి దూది పరుపులు కుట్టించి గోడలకి కొట్టాలి. కానీ ఇప్పుడు దూది పని చేసేవాళ్లు ఎక్కడున్నారు, అంతా ఫోమే…"

"మా నాన్న కుడతాడు సార్."

నేనే. నా నోరే. నాన్న దూది ఏకుతాడని, ఊరూరూ తిరిగి పరుపులు కుడతాడని రెండేళ్లుగా సుజాతకి తప్ప ఎవరికీ చెప్పలేదు. సిగ్గుతో కాదు, ఎవరూ అడగలేదు. మా నాన్న పని ఇక్కడ ఒకళ్లకి కావలసి రావడం ఇదే మొదటిసారి. ఆ సంతోషంలో ముందూ వెనకా చూసుకోలేదు.

"అట్లా చెప్పు మస్తాన్‌బీ! నేను ఫోన్ చేస్తాను."

"నేను అడుగుతాను సార్, నేనే…"

"నీకెందుకమ్మా శ్రమ. అంగీకారపత్రం మీద నంబర్ ఉంటుందిగా."

నంబర్ నిజమైనదే రాశాను. అది మాత్రం నిజమైనది.

జనవరి 23, శుక్రవారం

మధ్యాహ్నం నాన్న ఫోన్.

"ఎవరో సారు ఫోన్ చేశాడమ్మాయ్. గోడలకి పరుపులంట! గోడలు పడుకుంటాయా ఏంది?" నవ్వుతున్నాడు. నాన్న ఫోన్‌లో నవ్వడం తక్కువ. "నువ్వే చెప్పావంటగా. నీకెట్టా తెలుసు ఆ సారు?"

"పాఠం చెప్తారు నాన్నా."

ఇంకో అబద్ధం. ఎంత తేలిగ్గా వచ్చింది…

"బుధవారం వస్తా. కొలతలు తీసుకోవాలిగా. నిన్నూ చూసినట్టుంటది."

సాయంత్రం ఎర్రబల్బు వెలిగింది. రైతు సోదరులకు అన్నాక మిగతా లైను కనపడలేదు. కాగితం మీదే ఉంది, కనపడలేదు. నాలుగు క్షణాలు ఖాళీ పోయింది.

జనవరి 24

చెప్పేద్దామని నాన్నకి ఫోన్ చేశాను. వెనకాల పెదనాన్న గొంతు — "ఎవరూ, కాలేజీ పిల్లా?" పెట్టేశాను.

జనవరి 25, ఆదివారం

సుజాతకి చెప్పాను. వాళ్లది పిడుగురాళ్ల. నాన్న సున్నపు బట్టీలో పని. ఏదీ మెల్లగా మాట్లాడదు.

"ఒసేయ్ దొంగ ముఖమా! నేను సంతకంతో ఆగాను, నువ్వు ఏకంగా వేలే పెట్టావా!" పడీపడీ నవ్వింది. తర్వాత నా మొహం చూసి ఆపింది. "సార్‌కి చెప్పెయ్యవే. మంచోడే."

"సార్‌కి చెబితే సార్ వార్డెన్‌కి చెప్పాలి. ఆమె హాస్టల్లోంచి పొమ్మంటుంది. హాస్టల్ పోతే రోజూ ఊరి నించి రాలేను. చదువే పోతుంది."

"అట్టయితే మీ నాన్నకి చెప్పు."

"ఆయన పెదనాన్నకి మాటిచ్చాడు."

"అయితే నువ్వు సచ్చావు ఫో" అంది. కాసేపాగి తన దుప్పటి కూడా నా మీద కప్పింది.

అప్పుడు గుర్తొచ్చింది ఇంకోటి. నాన్న రెండు బొటనవేళ్లకీ గీతలే లేవు. ఇరవై ఏళ్లుగా దబ్బనం వెనక నించి నెట్టీ నెట్టీ అరిగిపోయాయి. రేషన్ షాపులో ఆయన వేలు పడదు, అమ్మ వెళ్లాలి. నేను వేసిన ముద్రలో గీతలన్నీ ఉన్నాయి. సన్నగా, చక్కగా, సుడి తిరిగి. లెక్కపెట్టొచ్చు.

నాన్న చదవలేడు కాబట్టి పట్టుకోలేడు అనుకున్నాను. కాగితం మీద నాన్న చదవగలిగేది అదొక్కటే.

జనవరి 26

జెండా వందనం. లడ్డూ ఇచ్చారు. నాది సుజాతకి ఇచ్చేశాను.

జనవరి 27

రేపే.

జనవరి 28, బుధవారం

వరసగా రాస్తాను.

పదకొండింటికి వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా. చెప్పులు లైబ్రరీ మెట్ల దగ్గరే విడిచాడు. వద్దన్నా వినలేదు. "పుస్తకాలుండే చోటమ్మాయ్."

గదిలో స్టూలు ఎక్కి దారంతో గోడ కొలుస్తున్నాడు. గజానికో ముడి. రమణ సార్ నాన్నని "సైదులుగారూ" అని పిలిచి కాఫీ తెప్పించారు. నాన్న గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. అదంతా చూస్తుంటే ఏడుపొచ్చింది, భయంతో కాదు. అంతవరకు బాగుంది.

"మీ అమ్మాయి గొంతు కోసమే సైదులుగారూ ఈ హడావుడి అంతా. వారానికి మూడు సాయంత్రాలు తనే చదువుతుంది. మీరు ఒప్పుకుని పంపబట్టి గానీ."

దారం ఆగింది. నాన్న వీపు మా వైపు ఉంది.

"నేను… ఒప్పుకున్నదేందండీ?"

"అదేనండీ, వేలిముద్ర వేసి పంపారుగా" అని సార్ ఫైలు తీశారు. మామూలుగానే తీశారు, అనుమానంతో కాదు. నాన్న దిగి వచ్చాడు. కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. దూది కొనేటప్పుడు పింజ లాగి వెలుతురులో చూస్తాడు, అలా చూశాడు. నా వైపు చూడలేదు.

"నాదేనండి."

నేను ఊపిరి పీల్చుకోలేదు. పీల్చుకోకపోవడమే నయమైంది.

సార్ పని ఒప్పందం కాగితం పెట్టి, స్టాంపు ప్యాడ్ జరిపారు. "దీని మీద కూడా ఒకటి వేయండి." నాన్న వేశాడు. నల్లటి మరక. ఒక్క గీత లేదు. పక్కనే ఫైల్లో నాది తెరిచే ఉంది.

నాన్న అలవాటు కొద్దీ అనేశాడు — "నాది పడదండీ. రేషన్ షాపులో కూడా ఇంతే."

అన్నాక తెలిసింది ఆయనకి.

సార్ రెండు కాగితాలూ చూశారు. నన్ను చూశారు. ఫైలు మూసి, "చాలండీ" అన్నారు.

బస్టాపు దాకా నాన్న ముందు, నేను వెనక. హైవే మీద మిరపకాయల లారీలు గుంటూరు వైపు పోతున్నాయి. ఘాటుకి ఇద్దరం దగ్గాం.

"మూడు రోజులా?"

"అవును నాన్నా."

"ఎప్పటి నించి?"

"డిసెంబరు."

"ఏం చదువుతావు అందులో?"

"మిరపకి పురుగు పడితే ఏం కొట్టాలో…"

"మనకి చేనెక్కడిదే?"

"వినేవాళ్లకి ఉంది నాన్నా."

చిలకలూరిపేట బస్సు కనపడ్డాక అన్నాడు — "చదువుకున్నాయన ముందర నాచేత అబద్ధమాడించావు. ఆయన నన్ను గారు అని పిలిచాడు."

కిటికీ పక్కన సీటు దొరికింది ఆయనకి. బయటికి చూడలేదు.

జనవరి 29

రమణ సార్ కేక వేయలేదు. వేస్తే బాగుండేది.

"రేపు నువ్వు చదవొద్దు. వేరే అమ్మాయి చదువుతుంది." తర్వాత ఒక ఖాళీ అంగీకారపత్రం ఇచ్చారు. "సోమవారం ఈ ఫైలు వార్డెన్ మేడమ్ దగ్గరికి పోతుంది. ఈలోగా ఇది మార్చుకురా. మరక పడినా పర్లేదు. కానీ ఆయనదే పడాలి. ఆయనకి ఇష్టమై పడాలి. లేకపోతే జరిగింది నేను రాయాలి మస్తాన్‌బీ. నాకూ ఉద్యోగం ఉంది."

"మా నాన్న ఏమన్నా అన్నారా సార్, ఫోన్ చేసి?"

"పరుపులు మంగళవారానికి ఇస్తానన్నాడు. అంతే."

జనవరి 30

సాయంత్రం మెస్ రేడియోలో నా పది నిమిషాలు వేరే గొంతులో వచ్చాయి. గులాబీ పురుగు దగ్గర తడబడింది ఆ అమ్మాయి. సంతోషపడ్డాను. ఛీ.

జనవరి 31, శనివారం. ఇంటి దగ్గర

పొద్దున ఎనిమిదింటి బస్సు ఎక్కాను. పుస్తకాల సంచిలో ఖాళీ పత్రం, మడత పడకుండా అట్టల మధ్య పెట్టాను.

ఇంటికొచ్చేసరికి నాన్న వసారాలో దూది ఏకే మిషను ముందున్నాడు. ముక్కుకి గుడ్డ, కనురెప్పల మీద కూడా దూది. తల ఎత్తి చూశాడు, మళ్లీ దించాడు. అమ్మకి మిరపకాయల తొడిమలు తీసే పనికి ఇవాళ సెలవు. గోరు చివరన ఇంకా ఎర్రగా ఉంది. నా బుగ్గ పట్టుకోబోయి, మంట పుడుతుందని ఆపేసింది.

"ఏం చేశావే?" అంది లోపల, గుసగుసగా. "మూడు రోజులయింది. అన్నం తింటాడు, మిషను ముందు కూచుంటాడు. ఎవరి పరుపులంటే చెప్పడు. నిన్న మీ పెదనాన్న వచ్చి, పట్నం పోయొచ్చావంటగా, పిల్ల ఎట్టా ఉంది అంటే, బాగా చదువుతోంది అన్నాడు. అంతే."

బాగా చదువుతోంది. ఏది అనుకుని అన్నాడో.

అమ్మకి అంతా చెప్పాను. కొట్టలేదు. "ఆ పరుపులు ఇచ్చేసి, నీ పెట్టె కూడా అదే ఆటోలో ఏసుకొస్తాడేమోనే" అంది. భయపెట్టడానికి కాదు. ఆమెకీ తెలియదు.

వసారాలోకి వెళ్లాను. మిషను మోతలో రెండుసార్లు పిలిచాను.

"నాన్నా… ఒక కాగితం…"

"చేతిలో పనుంది. ఇది కానీ."

లోపలికొచ్చి కూర్చున్నాను. పత్రం మోకాళ్ల మీద ఉంది. మూడు లైన్లు, కింద ఒక చదరం గడి. అందులో ఏమీ లేదు. నేను చదివి వినిపించాలి. "నా కుమార్తె సాయంత్రం ఆరు తర్వాత…" రేడియోలో ఎంత పెద్ద మాటైనా చదివాను. ఇది చదవగలనా. వద్దంటే ఏం చెయ్యాలి. సరే అంటే పెదనాన్నకి ఏం చెప్తాడు.

అమ్మ పొయ్యి దగ్గర గరిటె కూడా చప్పుడు కాకుండా తిప్పుతోంది.

మిషను ఆగింది.

గుడ్డ దులుపుతున్నాడు. తలుపు దగ్గర నీడ పడింది. నేను ఇంకా రాస్తూనే ఉన్నాను. పెన్ను పెట్టేసి పత్రం తీస్తున్నాను, చదివి వినిపిస్తాను.