రెండు గీతల టేపు

బావమరిదికి, నేను కులాసా. నువ్వూ కులాసాగా ఉండు, రంపం మాత్రం కింద పెట్టు.

నువ్వు కోసి పంపిన మొదటి కిటికీ చట్రం గోడలో దూరలేదు. మొన్న మేస్త్రీ చెప్పుల్ని చెక్కకి మేకులేసి దిగ్గొట్టాను కదా, ఇదీ నా వేళాకోళమే అనుకున్నాడు. "ఇంకొకటి ఇలా వస్తే పని వేరేవాళ్లకిస్తా" అన్నాడు. ఈసారి నిజంగా నేనేం చెయ్యలేదురా! నేను కొలిచింది ఆయన టేపుతో, నువ్వు కోసింది మన టేపుతో. మన టేపుకి జతది నా పెట్టెలో ఉంటే తీసి, ఆయన టేపు పక్కన పరిచాను. మూడు మీటర్ల దగ్గర బియ్యపు గింజంత తేడా! ఆయన టేపు మీద కోడిగుడ్డులాంటి గుండ్రంలో రెండు నిలువు గీతలున్నాయి. అంటే కొలత కచ్చితత్వంలో రెండో తరగతి. ఒక్క గీతైతే ఇంకా నిక్కచ్చి, మూడైతే కాస్త వదులు. మనదాని మీద పువ్వు బొమ్మ తప్ప ఏమీ లేదు.

సరుకు పంపేవాడికి ఉత్తినే "టేపులు" అని రాయకు. రెండో తరగతివి, నీకొకటి, నాకొకటి అని రాయి. "అన్నీ ఒకటేనండీ" అంటాడు. మొహమాటపడి తలూపావో చూసుకో. గీతలు లేకపోతే తిప్పి పంపెయ్. అవి వచ్చేదాకా చెక్క ముట్టుకోకు.

మీ అక్క మోకాలి నొప్పి తగ్గిందా? వంటింటి కప్పు ఇంకా కారుతోందా?

మిగతా కిటికీలన్నీ మనమే బిగిస్తామని మేస్త్రీకి మాటిచ్చేశాను. ఈసారీ పట్టకపోతే నిన్నే ఆ కంతలో నిలబెట్టి సిమెంటు పూయిస్తాను. వెలుతురు రాదు గానీ గోడ నిండుతుంది.

పిల్లలకి దీవెనలు.

నీ బావ