కదలని తెర

బావగారికి,

కరెంటు స్తంభం లాంటి మీ ఒళ్లు ఎక్కడా వంగకుండా నిటారుగా ఉందని తలుస్తూ మీ బావ రాసేది. ఫోన్లో చెప్పొచ్చుగా, ఉత్తరం ఎందుకు అంటారేమో. ఫోన్లో మీరు "ఊ" అంటారు, "సరే బావగారూ" అంటారు, అక్కడితో ఫ్యూజు పోతుంది. ఊరందరి ఇళ్లకీ వైరింగు చేసిన మనిషి నోటికి వైరింగు చెయ్యడం దేవుడు మర్చిపోయాడు. ఉత్తరంలో అయితే నన్ను ఆపేవాడుండడు. నాది అయిదో క్లాసు చదువు, తప్పులుంటే కుట్టు వంకర పోయిందనుకుని సర్దుకోండి.

సంగతేమిటంటే, ఈసారి పెళ్లిరోజుకి మన పిల్లల పెళ్లయి పదేళ్లు. మా ఇంట్లో దాచిన పెళ్లి ఆల్బం వాన నీళ్లు దిగి ముద్దయిపోయిన సంగతి మీకు తెలుసు. పిల్లల దగ్గరికి మేమొచ్చిన ఈ పరాయి దేశంలో ఫొటోలు పంపిస్తే పుస్తకంలా అచ్చేసి ఇంటికి పంపే కంపెనీ ఒకటుందని మీ అల్లుడు చెప్పాడు. కోడలికి తెలియకుండా ఒకటి చేయించి చేతిలో పెడదామని నేనూ మీ చెల్లెమ్మా అనుకున్నాం. మన స్టూడియో ఆయన కంప్యూటర్లో దాచినవన్నీ, బాగున్నవీ బాగోనివీ కలిపి పంపాడు. చల్లగా ఉండాలి.

మన దగ్గర ఆల్బం చేయించడమంటే ఏముంది బావగారూ? వెళ్లి స్టూలు మీద కూర్చుంటాం, ఆయన టీ తెప్పిస్తాడు, ఇది పెద్దది చెయ్యి, ఇందులో మా పెద్దమ్మ కళ్లు మూసింది తీసెయ్యి అంటాం, అయిపోయింది. ఇక్కడ పోట్లాడదామంటే ఎదురుగా మనిషి లేడు. అన్నీ కంప్యూటర్లో గడులే. ఈ గడిలో టిక్కు, ఆ గడిలో టిక్కు. మీ అల్లుడు ఆఫీసు నుంచి వచ్చి ఆవలిస్తూ టిక్కులు కొట్టాడు. నేను పక్కన కూర్చుని ఏ ఫొటో కింద ఏం రాయాలో తెలుగులో చెప్పాను. ఒక్కో మాటా ఒక్కో బొత్తాం కుట్టినట్టు కుట్టాను.

పార్సిలు వచ్చే రోజు కిటికీ దగ్గరే కూర్చున్నాను. టాయిలెట్‌కి వెళ్లాలన్నా మీ చెల్లెమ్మని కాపలా పెట్టి వెళ్లాను. సాయంత్రం చూస్తే తలుపు కింద చీటీ ఉంది, "ఇంట్లో ఎవరూ లేరు" అని. ఎవరూ లేనివాళ్లం మేమిద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. ఆ చీటీ కోడలి కంట పడింది, తనే వెళ్లి పార్సిలు తెచ్చుకుంది, తనే విప్పింది. రహస్యం అక్కడితో సరి.

పుస్తకం తెరిస్తే నా తెలుగు రాతల్లో ఒక్క అక్షరం లేదు. అన్నీ చిన్న చిన్న చదరాలు, గళ్ల చొక్కా గుడ్డ పరిచినట్టు. ఆ కంపెనీ మిషనుకి తెలుగు రాదట. అది సరే, నవ్వుకున్నాం. నవ్వుకోలేకపోయింది ఇంకోటుంది. పుస్తకంలో మీరు లేరు.

ఎలాగంటే, ఫొటోలని ఉచితంగా శుభ్రం చేస్తామని ఒక గడి ఉందట, దానికి వాళ్లే ముందుగా టిక్కు కొట్టి ఉంచారట. వెనకాల అడ్డంగా ఏముంటే అది తుడిచేస్తుందట మిషను. అసలు ఫొటోల్లో పెళ్లికూతురి వెనక నిచ్చెన మీద బల్బులు బిగిస్తూ మీరున్నారు. కుర్చీలు మోస్తూ ఉన్నారు. వేలికి ఏదో చిలకపచ్చ గుడ్డ పీలిక కట్టుకుని వైరు లాగుతూ ఉన్నారు. పుస్తకంలో నిచ్చెనా లేదు, మీరూ లేరు. ఒక దాంట్లో అయితే మిమ్మల్ని తుడిచి కుర్చీని వదిలేసింది. కుర్చీ ఒక్కటే గాల్లో నడిచి వెళ్తోంది.

ఇక గ్రూపు ఫొటో సంగతి సరేసరి. అందులో మొదటినుంచీ లేరు మీరు. అందరం వరసగా నిలబడేసరికి అలిగి ఎటో వెళ్లిపోయారు. ఎక్కడికెళ్లారని పదేళ్లుగా అడుగుతున్నాను, నవ్వుతారే తప్ప చెప్పరు. పోన్లెండి, ఆ ఫొటోలో మనుషులకంటే నా తెర బాగుంది. ఆ రోజు గాలికి చుట్టూ కట్టిన గుడ్డలన్నీ లేచిపోయాయి గానీ వెనకాల నేను కుట్టిన మెరూన్ రంగు మఖమల్ తెర బెత్తెడు కదల్లేదు. ఎప్పుడడిగినా మీరే అంటారు, "కదల్లేదు బావగారూ" అని.

పుస్తకం వెనక్కి పంపుతున్నాం. మిమ్మల్ని మళ్లీ లోపలికి తోయించే పూచీ నాది.

గాలికి కదలని తెర కుట్టిన
మీ బావ


బావగారూ,

మీ జవాబు అందింది. రెండంటే రెండే వాక్యాలు. "పోనివ్వండి బావగారూ. నేను ఫొటోలో ఉంటే ఎంత, లేకపోతే ఎంత." టెలిగ్రాములు పోయాయని ఎవరన్నారు, మీ ఇంట్లో ఉన్నాయి. అలక ఇంకా దిగలేదన్నమాట.

మొదట ఇంకో మాట చెప్పాలి. పోయిన ఉత్తరంలో రాయలేదు, రాస్తే మీరు బాధపడతారని. ఇప్పుడు రాయకపోతే నేను ఎందుకింత పట్టుబడుతున్నానో మీకు తెలియదు.

ఆ పుస్తకాన్ని కోడలు మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పింది. మూసింది. "బాగుంది మావయ్యా" అని వంటింట్లోకి వెళ్లి కడిగిన గిన్నెలే మళ్లీ కడగడం మొదలుపెట్టింది. కడిగిన గిన్నె ఎవరు కడుగుతారండీ, ఏడుపొచ్చినవాళ్లు తప్ప. నేను వెళ్లి పక్కన నిలబడి నా అలవాటు కొద్దీ వేళాకోళం ఆడాను. మీ నాన్న అలిగి గ్రూపు ఫొటో ఎగ్గొట్టాడు, మిషను మిగతావి ఎగ్గొట్టింది, ఇద్దరూ ఒకే బళ్లో చదివారు అన్నాను. మామూలుగా అయితే నాకు నాలుగు అంటిస్తుంది. ఆ రోజు కొళాయి కట్టేసింది.

"నాన్న అలగలేదు మావయ్యా. ఆయనకి అలగడం రాదు. ఆ రోజు అందర్నీ పిలిచి మరీ నిలబెట్టారు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. నేను కళ్లతో వెతికాను, కనబడలేదు. నాన్న వచ్చేదాకా ఆగండని నోరు తెరిచి అనలేకపోయాను."

పదేళ్లుగా ఆ పిల్ల లోపల ఇది పెట్టుకుని తిరుగుతోంది బావగారూ. మా ఊరి ఇంట్లో హాల్లో ఉన్న ఆ గ్రూపు ఫొటో లాంటిదే ఒకటి వాళ్లకీ చట్రం కట్టించి ఇచ్చాను. ఇక్కడ అది గోడ మీద ఎక్కడా లేదు. అద్దె ఇల్లు, మేకులు కొట్టనివ్వరు అని చెప్తే నమ్మాను. బట్టల బీరువాలో దుప్పట్ల వెనక ఉంది.

అందుకని ఇప్పుడు నా పట్టుదల తెర గురించి కాదు, పుస్తకం గురించీ కాదు. తండ్రి ఉన్న పెళ్లి పుస్తకం ఆ పిల్ల చేతిలో పెట్టాలి. అలిగారో, పిలవలేదో, అది మనం ముసలాళ్లం తర్వాత తేల్చుకుందాం.

కంపెనీకి ఫోను చేయించాను. ఎత్తిన అమ్మాయి ప్రతి మాటకీ ముందు సారీ అంటుంది. సారీ, మీ ఆర్డరు నంబరు చెప్పండి. సారీ, లైన్లో ఉండండి. మా ఇంట్లో ఆమె పేరే సారీ అమ్మాయి అయిపోయింది. మీ అల్లుడు నా మాటలని వాళ్ల భాషలోకి మారుస్తూ సగం మింగేస్తున్నాడు. నేను మీ మిషనుకి కళ్లులేవా అన్నాననుకోండి, వాడు "మా నాన్నగారు చిన్న సందేహం అడుగుతున్నారు" అంటాడు. మొత్తానికి ఆమె ఓపిగ్గా విని శుభ్రం చేసే టిక్కు తీసేసింది. తెలుగు రాతలని కాయితం మీద చేత్తో రాసి, ఫొటో తీసి, ఫొటోలాగే పెట్టుకోండి అని ఉపాయం చెప్పింది. ఇప్పుడు పుస్తకం నిండా నా కోడిగీతలే. మీ చెల్లెమ్మ చూసి, ఏమండీ, దీనికంటే గళ్లే నయం అంది.

రెండో పుస్తకం వచ్చింది. మీరొచ్చారు! నిచ్చెన వచ్చింది, కుర్చీకి మోసే మనిషి వచ్చాడు, వేలికి చిలకపచ్చ పీలిక వచ్చింది. అది నేను కోడలికి కుట్టిన జాకెట్టు లోపలి గుడ్డలో మిగిలిన ముక్క. పొద్దున్నే వైరు కోసుకుని మీ వేలు తెగితే పెళ్లికూతురే లేచి వచ్చి కట్టిందట కదా, నాకిప్పుడే తెలిసింది. ఆ ఫొటోల మీద చెయ్యి వేసి చాలాసేపు చూసుకుంది. గ్రూపు ఫొటో పేజీ మాత్రం గబుక్కున తిప్పేసింది.

నేను తిప్పలేదు. చూస్తే ఒళ్లు మండింది. పేజీకి సరిపోలేదని ఫొటో పైభాగం అడ్డంగా కోసేశారు. తలల పైన వేలెడు చోటు లేదు. నా తెర పైఅంచు మొత్తం పోయింది. కుట్టు తప్పితే విప్పొచ్చు, కత్తెర పడితే ఏం చేస్తాం బావగారూ? చొక్కాకి మెడ లేకుండా కోస్తే ఎవడైనా తొడుక్కుంటాడా? ఫొటోలో ఒక్క దారం పోగు కూడా కొయ్యకుండా మొత్తం వెయ్యాలని సారీ అమ్మాయికి కబురు పెట్టాను. మళ్లీ వెనక్కి. తీసుకెళ్లడానికి వచ్చిన పార్సిలు కుర్రాడు నన్ను చూసి, ఇంట్లో మనుషులు ఉన్నారే అన్నట్టు మొహం పెట్టాడు.

వద్దని మళ్లీ రెండు వాక్యాలు రాయకండి. వినను.

అదే తెర, అదే దర్జీ,
మీ బావ


మా బావగారికి,

ఈ ఉత్తరం ఎలా మొదలెట్టాలో తెలియక రెండు కాయితాలు చింపాను. మీ చెల్లెమ్మ, ఏమండీ, మీకూ మాటలు కరువయ్యాయా, వియ్యంకుల గాలి సోకిందా అని నవ్వుతోంది.

రెండు వారాల కింద సారీ అమ్మాయి దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. ఫొటో మొత్తం వేయబోతూ తనే కూర్చుని చూసిందట. గ్రూపు ఫొటోలో తెర పైఅంచు దగ్గర ఒక చోట ఎర్ర సున్నా చుట్టి అడిగింది. సారీ, ఇక్కడ ఎవరివో వేళ్లు కనబడుతున్నాయి, మా మిషను దీన్ని లోపం అంటోంది, తీసెయ్యమంటారా, ఉంచమంటారా అని.

మీ అల్లుడు భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టి ఆ సున్నాని పెద్దది చేశాడు. నేను కళ్లజోడు తుడిచి చూశాను. తెర కర్ర మీద నుంచి నాలుగు వేళ్లు ఇవతలికి వచ్చి మఖమల్‌ని బిగించి పట్టుకుని ఉన్నాయి. నేను ఎవరో పిల్లవెధవ వేలాడుతున్నాడనుకుని, తీసెయ్యమని చెప్పరా అన్నాను. వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చిన కోడలు నా భుజం మీదుగా వంగింది.

"మావయ్యా, అది నాన్న వేలు."

ఉంగరం వేలికి చిలకపచ్చ పీలిక ఉంది బావగారూ. నేను కోసిన గుడ్డ నాకు తెలియదా? ఇంకొంచెం పెద్దది చెయ్యమన్నాను. ఆ వేళ్ల పక్కన, కర్ర దూర్చడానికి నేను కుట్టిన పై మడత జానెడు మేర నోరు తెరుచుకుని ఉంది. మెరూన్ దారం పోగులు వేలాడుతున్నాయి. ఒంటి కుట్టు. నా కుట్టే. మఖమల్ బరువుకి, ఆ గాలికి, అందరం వరసగా నిలబడే వేళకి ఊడిపోయింది.

అప్పుడు మిగతా గ్రూపు ఫొటోలు తెరిపించాను. మా వాళ్లతో తీసింది, మీ వాళ్లతో తీసింది, స్నేహితులతో తీసింది. చుట్టాలు ఎక్కుతున్నారు, దిగుతున్నారు, మొహాలు మారుతున్నాయి. ఆ నాలుగు వేళ్లు మారలేదు. అంతసేపూ వెనక నిచ్చెన మీద నిలబడి చేతులు పైకెత్తి నా తెర మోశారు. ఆ పెళ్లిలో అందరికంటే ఎక్కువ గ్రూపు ఫొటోల్లో ఉన్నది మీరేనండీ. మా ఇంట్లో చట్రం కట్టిన దాంట్లో ఆ ముక్క చట్రం చెక్క చాటున పడిపోయింది. పదేళ్లుగా దాని కిందే కుర్చీ వేసుకుని కూర్చుని, మీరు అలిగారని ఊళ్లోవాళ్లకి చెప్పాను.

ఒక్క కేక వేస్తే ఎవరో ఒకరు వచ్చి తాడు కట్టేవాళ్లు. ఎందుకు వెయ్యలేదో ఇప్పుడు అర్థమైంది. పొద్దున్నుంచీ నేను మీ చుట్టాలందర్నీ ఒక్కొక్కర్నీ తీసుకొచ్చి, మా కుట్టు చెయ్యి పెట్టి చూడండి అని డప్పు కొట్టుకుంటున్నాను కదా. మగపెళ్లివారి దర్జీ పరువు నలుగురిలో నేల మీద పడకూడదని మీరు నిచ్చెన ఎక్కారు. తర్వాత పదేళ్లు ఎప్పుడడిగినా "కదల్లేదు బావగారూ" అన్నారు. ఫొటోలో లేని మనిషికి తెర కదల్లేదని ఎలా తెలుసని నేను ఒక్కసారీ అడగలేదు. ఆ మధ్య పుస్తకం వద్దు పోనివ్వండి అని రాశారే, అదీ అలకే అనుకున్నాను. నా గుట్టు బయటపడుతుందని మీ భయం.

కోడలు ఆ కంప్యూటరు ముందు కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చుండిపోయింది. ఫొటోలో పెళ్లికూతురు ఎక్కడుందో, ఆ వేళ్లు ఎక్కడున్నాయో వేలితో కొలిచింది. నేను కొలిచే పద్ధతే, ఇంటిపట్టున నేర్చుకుంది. సరిగ్గా తన తల మీదే ఉన్నాయి.

"నా వెనకే ఉన్నారు. నేను ముందంతా వెతికాను" అంది.

ఏడ్చింది, నవ్వింది. రెండూ కలిపి చేస్తే ఎక్కిళ్లు వస్తాయని మీకు తెలిసిందే. మీ అల్లుడు మంచినీళ్లు తెచ్చాడు, ఆ నీళ్లు నేను తాగేశాను.

సారీ అమ్మాయికి జవాబు నేనే చెప్పాను, వాడు ఒక్క ముక్క కూడా మింగకుండా రాయాలని ఒట్టు వేయించుకుని మరీ. అమ్మా, అది లోపం కాదు, మా వియ్యంకుడు. ఉంచండి. మీ మిషను తుడిచింది కాబట్టి వెతికాం, కోసింది కాబట్టి పోట్లాడాం, మీరు కళ్లు పెట్టి చూశారు కాబట్టి దొరికాడు. మీ కడుపు చల్లగుండాలి అని. ఆమె తిరిగి రాసింది. మొదటిసారి ఆ ఉత్తరంలో సారీ లేదు.

పుస్తకం ఈసారి తిన్నగా వచ్చింది. పార్సిలు కుర్రాడు బెల్లు కొట్టాడు కూడా. గ్రూపు ఫొటో నిండు పేజీ వేశారు, ఎదురు పేజీలో నాలుగు వేళ్లు మాత్రమే. దాని కింద నా చేతిరాత ఉంది. ఏం రాశానో చెప్పను, మీకో పుస్తకం వేరే పంపాం, చూసుకోండి. మీ చెల్లెమ్మ మాత్రం, ఇన్నాళ్లకి మీ అక్షరాలు బాగున్నాయి అంది.

ఇవాళ పొద్దున్న మేకు చప్పుడుకి లేచాను. ఆ గ్రూపు ఫొటో తగిలించడానికి అద్దె ఇంటి గోడకి కోడలు మేకు కొడుతోంది. ఇంటివాళ్లు ఊరుకోరేమో అమ్మా అంటే, అడిగితే మా నాన్న అని చెప్తాను అంది.

ఆ తెర మీ అటక మీదే ఉండాలి. మడత పెట్టి పంపండి, రెండు కుట్లు వేసి పంపిస్తాను. పంపేముందు ఒకసారి ఆ వేలు చూసుకోండి. మచ్చ ఉంటుంది. ఉంటే నా మాటగా దాన్ని ఒకసారి నిమరండి.

మీరు పట్టుకుంటే నిలబడిన తెర కుట్టిన
మీ బావ